చిల్లిగవ్వ విలువెంత?

విశాఖ నుంచి కోల్‌కతాకు బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది సంగతి. దసరా వెళ్ళిన ఐదో రోజు, ఆశ్వయుజ పౌర్ణమి నాడు, బెంగాలీల ఇళ్ళలో కోజాగరీ లక్ష్మీపూజ చేస్తారు. మా కింది వాటాలో ఉండే పెద్దావిడను అందరిలాగే మేమూ మాసీమా అనే పిలుస్తాం. మాసీమా అంటే పిన్నిగారు అన్నమాట. ఆవిడకి ఆ రోజు కాళ్ళనొప్పులు. పూజ సామాన్ల చీటీ ఇచ్చి, లేక్ మార్కెట్ దగ్గరి దశకర్మ భాండార్ నుంచి తెచ్చిపెట్టమన్నారు. దశకర్మ భాండార్ అంటే మన పూజాద్రవ్యాల కొట్టు.

నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. కొట్టాయన చీటీ చూస్తూ పసుపు, కుంకుమ, వరికంకులు వరసగా తీసి పెడుతున్నాడు. చివర్లో తలెత్తి “కొడి కొన్ని చాలా, ఎక్కువ కావాలా?” అన్నట్టు ఏదో అడిగాడు. మా అమ్మాయి నా చొక్కా పట్టుకు లాగి గుసగుసగా అడిగింది: “నాన్నా, లక్ష్మీపూజకి కోడి ఏమిటి?”

కొట్టాయన డబ్బా మూత తీశాడు. లోపల తెల్లగా, నున్నగా గవ్వలు!

ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. బ్యాంకు ఉద్యోగిని కదా, డబ్బుతో చుట్టరికం ఉన్న మాట ఎదురైతే వెంటపడటం అలవాటు. అలా తెలుసుకున్న సంగతులు మన కుటుంబాల్లోని పిల్లలకూ పెద్దలకూ పనికొస్తాయని ఇలా రాస్తున్నాను.

కోడి కాదు, కొడి

బెంగాలీలో గవ్వను ‘కొడి’ అంటారు. ఇక్కడ ‘డ’ మన డకారం కాదు, డ–రల నడుమ నాలుక తిరిగే ధ్వని. అందుకే కొందరికి ‘కొరి’ అని కూడా వినిపిస్తుంది.

ఈ మాట పుట్టుక సంస్కృతంలో ఉంది. గవ్వకు సంస్కృతంలో కపర్దం, కపర్దిక అని పేర్లు. అదే నోళ్ళలో నలిగి నలిగి హిందీలో కౌడీ, మరాఠీలో కవడీ, కన్నడంలో కవడె, బెంగాలీలో కొడి అయింది. ఇంగ్లీషువాళ్ళ ‘కౌరీ’ హిందీ నుంచి వెళ్ళినదే. తెలుగువాడి ‘గవ్వ’ మాత్రం ఈ వరసలో కాస్త వేరుగా కనిపిస్తుంది.

కపర్దం అంటే గవ్వ ఒక్కటే కాదు, గవ్వలా చుట్టలు చుట్టిన జడ అని కూడా. జటాజూటం ఉన్నవాడు కనుక శివుడు కపర్ది అయ్యాడు. గవ్వకు వరాటకం అని ఇంకో సంస్కృత నామం ఉంది. దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

తెలుగులో గవ్వ అనే మాట పరిధి పెద్దది. విశాఖ బీచిలో పిల్లలు ఏరి జేబుల్లో నింపుకునేవన్నీ గవ్వలే. బెంగాలీవాడి కొడి అలా కాదు. ఒకవైపు ఉబ్బెత్తుగా, రెండోవైపు పళ్ళున్న సన్నని నోరులా చీలి ఉండే ఆ ఒక్క రకమే కొడి. మనం అష్టాచెమ్మాలో విసిరేది కూడా అదే. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. లంబాడా ఆడవాళ్ళ బట్టల మీద అద్దాల పక్కన కుట్టేవీ ఈ గవ్వలే. కాశీ వెళ్ళిన తెలుగువాళ్ళు గవ్వలమ్మ గుడిలో సమర్పించేవీ ఇవే. ఇక పండగకి మన ఆడవాళ్ళు చెక్క మీద పిండిని బొటనవేలితో దొర్లించి, వేయించి, బెల్లం పాకం పట్టే గవ్వలు ఉన్నాయి. రూపాన్ని బట్టి పేరు వచ్చినవాటిలో తినగలిగేది అదొక్కటే!

బెంగాలీలో ఇంకో చిక్కుంది. కోల్‌కతా పాత మేడల్లో పైకప్పును మోసే దూలాలనూ కొడి అనే అంటారు. పనీపాటా లేక వెల్లకిలా పడుకున్నవాడిని ‘కొడికాఠ్ లెక్కపెడుతున్నాడు’ అంటారు, అంటే దూలాలు లెక్కపెడుతున్నాడని. సంగీతంలో తీవ్ర స్వరం కూడా కొడియే. 1886లో వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ కవితా సంపుటి పేరు ‘కొడి ఓ కోమల్’. అందులో గవ్వలు లేవు, తీవ్ర కోమల స్వరాలున్నాయి. వినడానికి ఒకటే అయినా ఇవి వేరు వేరు మాటలు.

సముద్రం నుంచి సంచిలోకి

గవ్వ ఒక సముద్రపు నత్త వేసుకున్న గుల్ల. డబ్బుగా చెల్లిన గవ్వకు 1758లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ‘మొనేటా’ అని పేరు పెట్టాడు. రోములో జూనో మొనేటా దేవత గుడి దగ్గరే టంకసాల ఉండేది. ఇంగ్లీషులో డబ్బుకున్న ‘మనీ’, టంకసాలకున్న ‘మింట్’ ఆ దేవత పేరులోంచే వచ్చాయి. అంటే ఈ నత్తకు శాస్త్రం పెట్టిన పేరే డబ్బు.

ఈ గవ్వలు మాల్దీవుల్లో పుష్కలం. 1343–44 ప్రాంతంలో అక్కడ ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా అనే మొరాకో యాత్రికుడు ఈ వ్యాపారాన్ని కళ్ళారా చూసి రాశాడు. సముద్రంలోంచి తీసి గుంటల్లో వేస్తారు. లోపలి మాంసం కుళ్ళిపోయాక తెల్లటి గుల్ల మిగులుతుంది. వాటిని బెంగాల్ వాళ్ళకిచ్చి బదులు బియ్యం తెచ్చుకుంటారు. ధర బాగున్నప్పుడు ఒక బంగారు దీనారుకు 4 లక్షల గవ్వలు. ధర పడిపోయినప్పుడు 12 లక్షలు!

మాల్దీవుల్లో వరి పండదు, బెంగాల్‌లో ఈ గవ్వ దొరకదు. ఒకరి తిండి ఇంకొకరి డబ్బు అయింది. ఓడలు ఒరిగిపోకుండా అడుగున ఇసుక బదులు గవ్వలే పోసుకునేవారు కనుక రవాణా ఖర్చు కూడా కలిసొచ్చేది.

డబ్బుకు కావలసిన లక్షణాలన్నీ గవ్వకు ఉన్నాయి. అరగదు, విరగదు, తుప్పు పట్టదు. అన్నీ దాదాపు ఒకే సైజు. అన్నిటికన్నా ముఖ్యం, దొంగ గవ్వను తయారుచేయడం ఎవరి వల్లా కాదు. చదువు రానివాడు కూడా చేత్తో తడిమి ‘ఇది అసలుదే’ అని చెప్పగలడు.

నాలుగు గవ్వలు ఒక గొండా

బెంగాల్‌లో గవ్వల లెక్క ఇలా ఉండేది.

4 గవ్వలు = 1 గొండా
20 గొండాలు = 1 పొణ్ (80 గవ్వలు)
16 పొణ్‌లు = 1 కాహొన్ (1,280 గవ్వలు)

ఈ పొణ్ మనకు కొత్తది కాదు. సంస్కృతంలో పణం. జూదంలో పణంగా పెట్టడం అనే మాట దీనిదే. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో డబ్బు కొలతలు వరాటకంతోనే మొదలవుతాయి: 20 వరాటకాలు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణం. గుణించి చూడండి, 80 గవ్వలు! బెంగాల్ సంతలో చేపలమ్మి వేళ్ళ మీద వేసిన లెక్కా, భాస్కరుడు శ్లోకంలో చెప్పిన లెక్కా ఒక్కటే.

రూపాయికి ఎన్ని గవ్వలు? ఈ లెక్క కాలాన్ని బట్టి, ఊరిని బట్టి మారేది. 1778లో తూర్పు బెంగాల్‌లోని సిల్హెట్‌కు (నేడు బంగ్లాదేశ్‌లో ఉంది) కంపెనీ అధికారిగా వెళ్ళిన రాబర్ట్ లిండ్సే రాసిన లెక్క ప్రకారం రూపాయికి 4 కాహొన్‌లు, అంటే 5,120 గవ్వలు. ఆ జిల్లా శిస్తు ఏడాదికి రెండున్నర లక్షల రూపాయలు. అదంతా గవ్వల్లోనే వసూలయ్యేది. వాటికి గిడ్డంగులు, ఢాకాకు చేర్చడానికి పడవల బారు కావాలి. ఈ వ్యవహారంలో నూటికి పది వంతులు నష్టపోయేవాళ్ళమని ఆయన వాపోయాడు. క్యాష్ రెమిటెన్స్ తలనొప్పి మనకే కొత్తగా వచ్చిందనుకునే వాళ్ళు ఈ పెద్దమనిషిని తలుచుకోవాలి.

ఇక్కడే ఒక చిన్న భాగహారం చేయండి. పాత రూపాయికి 64 పైసలు. 5,120ని 64తో భాగిస్తే 80. అంటే ఒక్క పాత పైసా 80 గవ్వలకు సమానం. ఆకుకూర, ఉప్పు, రెండు తమలపాకులు కొనుక్కునేవాడికి పైసా చాలా పెద్ద నాణెం. అతని బేరం పైసాలో ఇరవయ్యో వంతుదో, నలభయ్యో వంతుదో. ఆ బేరాన్ని మోసింది గవ్వ. రాజు వేసిన నాణెం చేరలేనంత కింద కూడా ఒక డబ్బు ఉండేది. అది పేదవాడి డబ్బు.

చిల్లి పడితే

తెలుగులో ఏమీ లేదనడానికి ‘చిల్లిగవ్వ లేదు’ అంటాం. ఏమీ ఇవ్వననడానికి ‘గుడ్డిగవ్వ కూడా ఇవ్వను’ అంటాం. బెంగాలీలో సరిగ్గా ఇదే మాట ‘కానాకొడి’. కానా అంటే కన్ను లేనిది. హిందీవాళ్ళు ‘ఫూటీ కౌడీ’ అంటారు, పగిలిన గవ్వ. మూడు భాషలవాళ్ళూ ఎవరికి వారే ఒకే పోలిక పట్టుకున్నారంటే, చిల్లి పడిన గవ్వను అంగడివాడు వెనక్కి విసిరేసిన అనుభవం ముగ్గురికీ ఉందన్నమాట.

ఆ మాటను జాగ్రత్తగా వినండి. ‘గవ్వ లేదు’ అని కాదు, ‘చిల్లిగవ్వ’ అంటున్నాం. విలువ లేనిది చిల్లి పడినదే. మంచి గవ్వకు విలువ ఉంది. మాట మిగిలి, డబ్బు పోయేసరికి మనం ఆ తేడా మరిచిపోయాం. గవ్వ అంటేనే విలువలేనిది అనుకుంటున్నాం.

బెంగాలీలు మరిచిపోలేదు. ఇక్కడ ధనాన్ని ఇవాళ్టికీ ‘టాకా–కొడి’ అనే అంటారు, రూపాయీ గవ్వా అని. ‘ఫ్యాలో కొడి, మాఖో తేల్’ అని సామెత: గవ్వ పడెయ్, నూనె రాసుకో. అరువు లేదు అని మన కొట్ల గోడల మీద రాసే మాటే అది. పడవ రేవు దాటే కూలిని ‘పారానిర్ కొడి’ అంటారు. చివరి రేవు దాటేటప్పుడు వెంట ఉండాల్సిన పుణ్యానికీ అదే మాట. బిమల్ మిత్ర రాసిన పేరున్న నవల ‘కొడి దియే కిన్‌లామ్’ శీర్షికకు ‘గవ్వలిచ్చి కొన్నాను’ అని అర్థం. పెళ్ళయ్యాక కొత్త దంపతుల చేత గవ్వలాట ఆడిస్తారు, మనం బిందెలో ఉంగరం వెతికించినట్టు.

అన్నిటికన్నా నాకు నచ్చినది ‘కొడాయ్ గొండాయ్’. గవ్వలతో సహా, గొండాలతో సహా, అంటే అణా పైసలతో ఒక్కటీ తప్పకుండా అని.

గవ్వ చెల్లని రోజు

1806లో కలకత్తాలో బ్యాంక్ ఆఫ్ కలకత్తా మొదలైంది. నేటి స్టేట్ బ్యాంకు వంశవృక్షానికి మొదలు అదే. నగరంలో నోట్లు, హుండీలు తిరుగుతున్న ఆ రోజుల్లోనే చుట్టుపక్కల సంతల్లో జనం గవ్వలు లెక్కపెట్టుకుంటున్నారు. రెండూ ఎక్కువ కాలం కలిసి ఉండలేదు.

1803లో కంపెనీ ఒడిశాను మరాఠాల నుంచి గెలుచుకుంది. అక్కడి రైతు తరతరాలుగా గవ్వలతో శిస్తు కట్టేవాడు. ఇకపై వెండి రూపాయల్లో కట్టాలన్నారు. ఊళ్ళో వెండి లేదు. ఉన్న కొద్దిపాటి వెండికి గిరాకీ పెరిగి గవ్వ విలువ పడిపోయింది. రాత్రి నిద్రపోయేటప్పుడు బానలో ఉన్న గవ్వలు పొద్దున కూడా అక్కడే ఉన్నాయి. వాటి విలువ మాత్రం కరిగిపోయింది. ఉప్పు ధర, భూములు వేలానికి పోవడం వంటి బాధలు దీనికి తోడయ్యాయి. 1817లో బక్షీ జగబంధు నాయకత్వాన ఖుర్దాలో పైకులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు చెప్పే కారణాల్లో గవ్వ చెల్లకపోవడం ఒకటి.

1835లో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. రాగి పైసలు ఊరూరా చేరాయి. పందొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ గవ్వ సంతలోంచి పూజగదిలోకి, ఆటల పెట్టెలోకి జరిగిపోయింది.

గవ్వ చరిత్రలో ఇంతకన్నా చీకటి పేజీ కూడా ఉంది. హిందూ మహాసముద్రంలో దొరికిన గవ్వలను డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఓడల మీద యూరపుకు, అక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికాకు చేర్చారు. అక్కడ వాటితో కొన్న సరుకుల్లో మనుషులూ ఉన్నారు. మనం అరుగు మీద కూర్చుని ఆడుకునే గవ్వే ఒక తల్లి బిడ్డకు కట్టిన ధరలో భాగమైంది. ఆ గవ్వనే తర్వాత స్వతంత్ర ఘనా దేశం గౌరవంగా తిరిగి తీసుకుంది. 1965లో వచ్చిన వాళ్ళ కరెన్సీ ‘సెడీ’కి అకాన్ భాషలో గవ్వ అనే మాటే మూలం. చైనా లిపిలో కొనడం, సొమ్ము వంటి మాటల అక్షరాల్లో గవ్వ బొమ్మ ఇప్పటికీ దాగి ఉంది. చివరికి మనం టీ తాగే పోర్సిలిన్ కప్పు పేరు కూడా గవ్వదే. ఆ పింగాణీ నునుపు చూసి ఇటలీవాళ్ళు గవ్వకున్న ‘పోర్చెల్లానా’ పేరు దానికి పెట్టారు.

నాణెం పోయినా మాట ఉండిపోవడం గవ్వతో ఆగలేదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి అణాకు కాలం చెల్లింది. అయినా మనం ‘పదహారణాల తెలుగువాడు’ అంటాం, బెంగాలీలు ‘షోలో ఆనా’ బెంగాలీ అంటారు. పావలా నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. పావలా వడ్డీ మాత్రం అలాగే ఉంది.

కౌంటరు దగ్గర నేర్చుకున్న పాఠం

ఇదంతా చెప్పి, నా సొంత సంగతి ఒకటి దాచడం న్యాయం కాదు.

అప్పట్లో నేను క్యాష్ కౌంటర్లో ఉన్నాను. నెల మొదటి వారం, పెన్షన్ల రోజు. వరస తలుపు దాటి మెట్ల దాకా ఉంది. పూలమ్ముకునే ఒకావిడ వంతు వచ్చింది. గామ్ఛా ముడి విప్పి కౌంటరు మీద పరిచింది. అన్నీ రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు. నాకు చిరాకేసింది. వెనక ఎంతమంది ఉన్నారో చూడమన్నాను. రేపు మధ్యాహ్నం తీరిగ్గా రమ్మన్నాను.

ఆవిడ గొడవ పడలేదు. ముడి మళ్ళీ కట్టుకోనూ లేదు. “కొడాయ్ గొండాయ్ లెక్కపెట్టి తెచ్చాను బాబూ. ఒక్కటి తగ్గదు” అంది.

కొడి అంటే ఏమిటో అప్పటికే తెలుసు నాకు. మాసీమా పూజకు తెచ్చిన గవ్వలు కళ్ళ ముందు మెదిలాయి. తలవంచుకుని లెక్కపెట్టాను. 862 రూపాయలు. స్లిప్పు మీద ఎవరో రాసిపెట్టిన అంకె కూడా 862. వెనక నిలబడ్డ పెన్షనరు ఒకాయన నేను లెక్కపెడుతున్నంతసేపూ పదేసి బిళ్ళల దొంతరలు పేర్చి సాయం చేశారు. అంతా కలిపి పట్టింది ఆరేడు నిమిషాలు.

ఆవిడ పాస్‌బుక్‌లో ఆ రోజు పడిన అంకె బ్యాంకు పద్దుల్లో కంటికి ఆనదు. ఆవిడకు మాత్రం అది నెలరోజుల దండలు. ‘రేపు రా’ అని నేనన్నప్పుడు, ఒడిశా రైతుతో కంపెనీ గుమస్తా అన్న మాటే అన్నాను: నీ డబ్బు డబ్బే, కానీ నాకు వీలుగా లేదు.

అప్పటి నుంచి చిల్లర తెచ్చేవాళ్ళకు ‘రేపు’ చెప్పలేదు. మన ఇళ్ళలో కూడా పిల్లలు హుండీ పగలగొట్టి పరిచినప్పుడు, పాలవాడో పనిమనిషో బిళ్ళలు ఇచ్చినప్పుడు, ‘ఈ చిల్లరేమిటి’ అనకుండా ఉంటే బాగుంటుంది. ఎవరి గవ్వలు వాళ్ళు లెక్కపెట్టుకునే తెస్తారు.

పిల్లలకు గవ్వల లెక్కలు

ఇంట్లో గవ్వలుంటే ముందు పెట్టుకుని చేయండి. లేకపోతే చింతపిక్కలైనా సరే.

1. తాతగారు మనవరాలికి 3 పొణ్‌ల 5 గొండాల గవ్వలిచ్చారు. మొత్తం ఎన్ని?
2. రూపాయికి 16 అణాలు. లిండ్సే లెక్కన అణాకు ఎన్ని గవ్వలు? అవి ఎన్ని పొణ్‌లు?
3. నీ దగ్గర 1,000 గవ్వలున్నాయి. కాహొన్ నిండిందా? పొణ్‌లు, గొండాల్లో చెప్పు.

జవాబులు: 1. 260 గవ్వలు. 2. 320 గవ్వలు, అంటే 4 పొణ్‌లు. 3. కాహొన్ నిండలేదు, 280 తగ్గాయి. ఉన్నవి 12 పొణ్‌ల 10 గొండాలు.

మూడూ సరిగ్గా చేసినవాళ్ళకు అమ్మనడిగి బెల్లం గవ్వలు ఇప్పించండి. వాటిని మాత్రం కొడాయ్ గొండాయ్ లెక్కపెట్టకండి!